గుర్తింపు కార్డు దేనికి రుజువు, దేనికి కాదు

లాడ్జిలో గది తీసుకున్నా, గ్యాస్ కనెక్షన్‌కి దరఖాస్తు పెట్టినా కౌంటరు అవతలి మనిషి అడిగేది ఒకటే: ఆధార్ జిరాక్స్. ఇచ్చిన కాగితాన్ని ఫైల్లో పెట్టి పిన్ను కొడతాడు. కాగితం మీది ముఖాన్నీ ఎదురుగా ఉన్న ముఖాన్నీ పోల్చి చూసేవాళ్లు తక్కువ. దాని మీదున్న క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసేవాళ్లు మరీ తక్కువ. నిజానికి అక్కడ గుర్తింపు అనే పని జరగనే లేదు, ఒక కాగితం చేతులు మారింది. గుర్తింపు కార్డుల మీద మన దగ్గర జరిగే వాదన ఎక్కువగా నిఘా, గోప్యత చుట్టూ తిరుగుతుంది. అవి చిన్న విషయాలేం కావు. కానీ జనాన్ని రోజూ తిప్పించే ఇబ్బందులు చాలావరకు వేరేచోట పుడుతున్నాయి. ఒక ప్రశ్న కోసం తయారైన కార్డును మనం ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పమంటున్నాం.

కార్డు ఎదుట నిలబడే ప్రశ్నలు మూడు. ఈయన ఎవరు? ఎదురుగా ఉన్నది ఆయనేనా? అడిగినది పొందడానికి ఆయన అర్హుడేనా? మొదటిదానికి జవాబు కార్డు జారీ చేసేటప్పుడు తేలాలి. రెండోది కార్డు చూపించిన ప్రతిసారీ తేలాలి. మూడోదానికి కార్డుతో నేరుగా సంబంధం లేదు, దానికి వేరే జాబితా ఉంటుంది.

ఓటరు కార్డును చూస్తే ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉండగా 1993లో ఫొటో ఓటరు కార్డు వచ్చింది. దొంగ ఓట్లను ఆపడం దాని ఉద్దేశం. అది రెండో ప్రశ్నకు మాత్రమే జవాబు. ఓటు హక్కు కార్డులో లేదు, జాబితాలో ఉంది. కార్డు జేబులో పెట్టుకుని పోలింగ్ కేంద్రానికి వెళ్లి, జాబితాలో పేరు లేక తిరిగొచ్చిన వాళ్లు 2018 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో పెద్ద సంఖ్యలో కనిపించారు. అదే జాబితాలో పేరుండి కార్డు పోయినవాళ్లు ఎన్నికల సంఘం ఒప్పుకున్న మరో ఫొటో గుర్తింపు పత్రం చూపించి ఓటెయ్యొచ్చు. కార్డు భద్రంగా దాచుకోవడం కంటే ముసాయిదా జాబితా వెలువడినప్పుడు పేరు వెతుక్కోవడం, లేకపోతే ఫారం 6 నింపడం ముఖ్యమైన పని. చాలామంది ఓటర్లు దీన్ని తిరగేసి చేస్తున్నారు.

ఆధార్ విషయంలో గందరగోళం ఇంకా లోతైనది. ఆధార్ కోసం 2009లో ఏర్పడిన విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామంలో మొదటి సంఖ్యలు ఇచ్చింది. అసలు ఉద్దేశం ఒక్కటే: ఒక మనిషికి ఒకే సంఖ్య, ఒక సంఖ్యకు ఒకే మనిషి. ఏ కాగితమూ లేని నిరుపేదకు కూడా నేను ఫలానా అని చెప్పుకునే ఆధారం దొరకాలన్నది దాని వెనక ఆలోచన. పది వేళ్లు, రెండు కనుపాపలు, ముఖం తీసుకున్నది ఒకే మనిషి రెండుసార్లు నమోదు కాకుండా చూడటానికి. ఆ మనిషి ఎక్కడ పుట్టాడు, ఎప్పుడు పుట్టాడు, ఏ దేశ పౌరుడు అన్నవి ఈ సంఖ్య తేల్చాల్సిన సంగతులు కావు. 2016 చట్టంలోని 9వ సెక్షన్ ఆధార్ సంఖ్య పౌరసత్వానికి గానీ స్థిర నివాసానికి గానీ రుజువు కాదని నేరుగా చెప్పింది. 2025లో బిహార్ ఓటర్ల జాబితా సవరణ మీద వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు కూడా గీత అక్కడే పడింది. ఆధార్‌ను ఇప్పటికే ఒప్పుకున్న పదకొండు పత్రాలకు తోడు పన్నెండో పత్రంగా తీసుకోండి, అయితే గుర్తింపుకే, పౌరసత్వానికి కాదు అని సెప్టెంబరు 8న కోర్టు ఆదేశించింది.

పుట్టిన తేదీ దగ్గరికొద్దాం, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. నమోదు సమయంలో పుట్టిన తేదీ పత్రం లేనివాళ్లు చెప్పిన వయసునే రాసుకున్నారు. పల్లెల్లో నడివయసు దాటినవాళ్లకు అలాంటి పత్రం ఉండే అవకాశమే తక్కువ. పాత కార్డుల్లో చాలావాటి మీద పుట్టిన సంవత్సరం మాత్రమే కనిపించేది. అవే సంవత్సరాలు తరవాత ఫారాల్లోకి వెళ్లేసరికి జనవరి 1 అయ్యాయి. ఊళ్లో సగం మంది పెద్దలు కొత్త సంవత్సరం నాడే పుట్టినట్టు రికార్డుల్లో ఉండటానికి కారణం ఇదే. నవ్వుకుని వదిలేయొచ్చు గానీ, తెలంగాణ రైతుబీమాకు వయసు 18 నుంచి 59 మధ్య ఉండాలి, లెక్క ఆధార్ ప్రకారం. రెండేళ్లు ఎక్కువ పడితే, నిజంగా 58 ఏళ్ల వయసులో చనిపోయిన రైతు కుటుంబానికి రావాల్సిన 5 లక్షలు రావు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛనుకు 60 ఏళ్లు నిండాలి. రెండేళ్లు తక్కువ పడితే అక్కడ రెండేళ్ల పింఛను పోతుంది. నమోదు శిబిరంలో ఎవరో అంచనాగా చెప్పిన ఒక సంఖ్య ఇరవై ఏళ్ల తరవాత డబ్బు లెక్కల్లో తేలుతుంది.

ఈ సంగతి సంస్థలకూ తెలుసు. 2024 జనవరిలో ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ పుట్టిన తేదీ రుజువుల జాబితా నుంచి ఆధార్‌ను తీసేసింది. అదే ఏడాది అక్టోబరులో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు మృతుడి వయసును ఆధార్ నుంచి కాక బడి వదిలిన సర్టిఫికెట్ నుంచి లెక్కించింది. ఇప్పుడు జారీ అవుతున్న ఆధార్ పత్రాల మీదే, ఇది గుర్తింపుకు రుజువు, పౌరసత్వానికో పుట్టిన తేదీకో కాదు అని అచ్చయి ఉంటుంది. అయినా కింది స్థాయి కౌంటర్లలో వయసు అడిగితే చూసేది ఆధారే.

దీనికి మూలం ఏమిటంటే, మన కార్డులు ఒకదాని భుజం మీద ఒకటి నిలబడ్డాయి. రేషన్ కార్డు చూపించి ఓటరు కార్డు, ఓటరు కార్డు చూపించి ఆధార్, ఆధార్ చూపించి పాన్, బ్యాంకు ఖాతా, మళ్లీ వాటితో పాస్‌పోర్టు. అట్టడుగున ఉండాల్సింది జనన ధ్రువపత్రం, కానీ ఆ తరానికి అది లేదు. పై కార్డు ఎంత పకడ్బందీగా తయారైనా కింద ఉన్న తప్పును మోసుకుంటూనే పోతుంది. 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించి, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి పుట్టిన తేదీ, స్థలం విషయంలో జనన ధ్రువపత్రాన్నే ఆధారం చేశారు. సరైన దిశే. దాని ఫలితం కనిపించేది మాత్రం ఆ పిల్లలు పెద్దయ్యాకే.

ఇంటిపేరు ఎక్కడ రాయాలి

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది ఇది. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ తరచుగా ఒక పొడి అక్షరంగా. కంప్యూటర్ ఫారాలు తయారుచేసినవాళ్ల లెక్కలో ఇంటిపేరు చివర ఉంటుంది, పూర్తిగా ఉంటుంది. మేకల వెంకటేశ్వర్లు అనే రైతు ఉన్నాడనుకుందాం. పట్టాదారు పాసుపుస్తకంలో తెలుగులో మేకల వెంకటేశ్వర్లు. ఆధార్‌లో పేరుకు ఒకటే గడి కాబట్టి ఆపరేటర్ ఎం. వెంకటేశ్వర్లు అని కొట్టాడు. పాన్ దరఖాస్తులో ఇంటిపేరుకు, పేరుకు వేరే గడులు, వాటిలో పొడి అక్షరాలు చెల్లవు కాబట్టి వెంకటేశ్వర్లు మేకల అయ్యాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు రెండో గడిలో రాశాడు. మనిషి ఒక్కడే, కంప్యూటర్‌కు నలుగురు. దీనికి తోడు ఇంగ్లిషు స్పెల్లింగ్: లక్ష్మిని ఎక్స్‌తో రాసేవాళ్లున్నారు, కె ఎస్ హెచ్‌తో రాసేవాళ్లున్నారు. శ్రీనులో ఒక ఐ పెట్టాలా, రెండు ఇ లు పెట్టాలా అన్నది ఆరోజు కీబోర్డు ముందు కూర్చున్నవాడి ఇష్టం.

పాన్ సంఖ్యలోనే ఈ ఇంటిపేరు దాగి ఉంటుంది. పది గడుల్లో నాలుగోది ఖాతాదారు రకం, వ్యక్తికైతే పి. ఐదోది ఇంటిపేరు మొదటి అక్షరం. పేరు చివర ఉన్న రావునో రెడ్డినో ఇంటిపేరు గడిలో రాసినవాళ్ల పాన్‌లో ఐదో అక్షరం ఆర్ అయి కూర్చుంటుంది. భయపడనక్కర్లేదు, తరవాత పేరు సరిచేయించుకున్నా, పెళ్లయి ఇంటిపేరు మారినా పాన్ సంఖ్య అదే ఉంటుంది, చెల్లుతుంది. ఇబ్బంది ఆధార్‌తో కలిపేటప్పుడు. పుట్టిన తేదీ, లింగం కచ్చితంగా సరిపోవాలి. పేరులో చిన్న తేడా ఉంటే ఆధార్ ఓటీపీతో గట్టెక్కొచ్చు, పూర్తిగా వేరైతే ఏదో ఒక కార్డును మార్చాల్సిందే. కలపని పాన్‌లు 2023 జూన్ 30 గడువు దాటాక పనిచేయకుండా పోయాయి. పాన్ నిద్రపోతే మూలంలో పన్ను కోత (టీడీఎస్) ఎక్కువ రేటులో పడుతుంది, రిఫండ్ ఆగుతుంది.

విదేశాలకు వెళ్లే పిల్లలకు ఇది ఇంకో రూపంలో ఎదురవుతుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే అమెరికా వీసా మీద దాన్ని ఇంటిపేరుగా తీసుకుని, మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. ఆ మూడు అక్షరాలు యూనివర్సిటీ రికార్డులోకీ, డ్రైవింగ్ లైసెన్సులోకీ పాకుతాయి. 2022 నవంబరులో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టులతో సందర్శక వీసా మీద వచ్చేవారిని రానివ్వబోమని ప్రకటించింది. ఇంటిపేరు గడి ఖాళీగా వదలడం మన దగ్గర అలవాటు కాబట్టి ఆ దెబ్బ మనవాళ్లకూ తగిలింది.

సవరణలకు దిగేముందు అన్ని కార్డులనూ బల్ల మీద పరిచి, ఒకదాన్ని మూలంగా ఎంచుకోవాలి. పదో తరగతి మెమో ఉంటే అదే మంచి మూలం, పేరుకూ తేదీకీ రెండింటికీ. ముందు ఆధార్, ఆ తరవాత పాన్, ఆ తరవాత బ్యాంకు, చివర పాస్‌పోర్టు. ఈ వరుసకు కారణం ఉంది: బ్యాంకులూ పాన్ కేంద్రాలూ వివరాలను ఆధార్ నుంచే లాగుతాయి, కాబట్టి అక్కడ తప్పుంటే మిగతాచోట్ల దిద్దినా మళ్లీ తిరిగొస్తుంది. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే. తొందరపడి మీసేవలోనో సచివాలయంలోనో దొరికిన కాగితంతో తేదీ మార్పించేసి, అసలు మెమో దొరికాక తల పట్టుకునేవాళ్లు చాలామంది.

వేలు పడకపోతే

రేషన్ షాపులోని ఈపాస్ యంత్రం వేలిముద్ర బొమ్మను బొమ్మతో పోల్చదు. వేలి గీతలు ఎక్కడ చీలుతున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి అన్న బిందువులను తీసుకుని పంపుతుంది. అవి నమోదైన బిందువులతో ఎంతవరకు సరిపోతున్నాయో ఆధార్ సంస్థ సర్వరు లెక్కగడుతుంది. ఎంత సరిపోతే ఒప్పుకోవాలన్నది ముందే పెట్టిన గీటు. గీటు పైకి జరిపితే అసలు మనిషినే కాదంటుంది, కిందికి జరిపితే వేరేవాడినీ అవునంటుంది. రెండు తప్పులూ సున్నా అయ్యే చోటు లేదు. మిరపకాయలు కోసే చేతులు, సిమెంటు కలిపే చేతులు, బీడీలు చుట్టే వేళ్లు అరిగిపోయి ఉంటాయి. వయసు మీద పడితే చర్మం పొడిబారి గీతలు మసకబారతాయి. ఈ పథకాల మీద ఎక్కువగా ఆధారపడేది కూడా ఆ చేతులే.

2016-17 ఆర్థిక సర్వే ఉదహరించిన అంచనాల ప్రకారం ధ్రువీకరణ వైఫల్యం జార్ఖండ్‌లో 49 శాతం, రాజస్థాన్‌లో 37, గుజరాత్‌లో 6, మన కృష్ణా జిల్లాలో 5. ఒకే సాంకేతికతకు ఇంత తేడా ఎందుకన్నదే ఆలోచించాల్సింది. వేళ్లు జార్ఖండ్‌లో పదిరెట్లు ఎక్కువ అరగవు. నెట్‌వర్కు, యంత్రం, రేషన్ కార్డుకు ఆధార్ సంఖ్య సరిగ్గా ఎక్కించారా లేదా, వేలు పడకపోతే వేరే దారి ఉందా — తేడా వీటిలో ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010-12 మధ్య 157 మండలాలను ఎంచుకుని, కొన్నిట్లో ముందు, కొన్నిట్లో తరవాత ఉపాధి హామీ కూలీకీ, పింఛన్లకూ వేలిముద్ర స్మార్ట్‌కార్డులు పెట్టి ఆర్థికవేత్తలు పరిశీలించినప్పుడు చెల్లింపులు వేగంగా అందాయి, దారిమళ్లే సొమ్ము తగ్గింది. అక్కడ ముద్ర పడనివాళ్లకు చేత్తో ఇచ్చే వెసులుబాటు ఉంచారు. జార్ఖండ్ రేషన్ మీద అదే బృందం చేసిన అధ్యయనంలో మొదటి దశలో అక్రమం తగ్గలేదు, పైగా ఆధార్ జతకాని కార్డుదారులు సరుకులు కోల్పోయారు. యంత్రం మంచిదా చెడ్డదా అని వాదించుకునేవాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే బాగుండు.

కృష్ణా జిల్లా 5 శాతాన్నీ చిన్నదనుకోకూడదు. 500 కార్డుల షాపులో ఆ లెక్కన 25 కుటుంబాలు. ఆంధ్రప్రదేశ్‌లో ముద్ర పడనివారికి రెవెన్యూ అధికారి తన వేలు పెట్టి సరుకులిప్పించే పద్ధతి తెచ్చింది అందుకే. వేలిముద్ర విఫలమైందన్న కారణంతో ఎవరికీ లబ్ధి నిరాకరించరాదని ఆధార్ సంస్థే 2017 అక్టోబరు 24న సర్క్యులర్ ఇచ్చింది. అది ఉన్నట్టు చాలామంది డీలర్లకు తెలియదు, తెలిసినా అడిగేదాకా గుర్తుకురాదు.

యంత్రం కాదన్నప్పుడు, పడలేదమ్మా, రేపు రా అనే జవాబుతో ఆగకుండా తెర మీది కోడ్ ఎంతో అడగాలి. 300 అయితే ముద్ర సరిపోలేదు: చెయ్యి కడిగి తుడుచుకుని వేరే వేలు పెట్టాలి, లేదా కనుపాప యంత్రం అడగాలి. నెలనెలా ఇదే వస్తుంటే ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ (వేలిముద్రలు, కనుపాపలు) అప్‌డేట్ చేయించాలి. 330 అయితే బయోమెట్రిక్ లాక్ అయి ఉంది. 997 అయితే వేలితో పనిలేదు, ఆధార్ సంఖ్యే చెల్లని స్థితిలో ఉంది. ఐదేళ్లకూ పదిహేనేళ్లకూ చేయించాల్సిన అప్‌డేట్ మరిచిపోయిన పిల్లల విషయంలోనూ ఆ సంఖ్యను ఆపేసే ప్రమాదం ఉంది. బయోమెట్రిక్‌ల నాణ్యత సంగతి ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక చెప్పింది: 2018-19లో జరిగిన 3.04 కోట్ల బయోమెట్రిక్ అప్‌డేట్లలో 73 శాతానికి పైగా, సరిగా పడని ముద్రల కోసం జనం తమ డబ్బుతో చేయించుకున్నవే.

మార్చలేని తాళంచెవి

పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కితే మార్చుకుంటాం. వేలిని మార్చుకోలేం. ఐరోపా దేశం ఎస్తోనియాలో 2017లో గుర్తింపు చిప్ కార్డుల్లో లోపం బయటపడినప్పుడు సుమారు 7.6 లక్షల కార్డుల డిజిటల్ పత్రాలను నిలిపేసి కొత్తవి ఇచ్చారు, అంతటితో గండం గడిచింది. అలాంటి వెసులుబాటు మన వేలిముద్రకు లేదు. అదీగాక అది రహస్యమూ కాదు. స్థిరాస్తి దస్తావేజు మీద ఇరుపక్షాల ఫొటో, వేలిముద్ర ఉండాలని రిజిస్ట్రేషన్ చట్టంలోని 32ఎ సెక్షన్ అంటుంది. ఆ దస్తావేజుల నకళ్లు ఆన్‌లైన్‌లో దొరికిన రోజులున్నాయి. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి వాటి నుంచి ముద్రలు తీసి, రబ్బరు స్టాంపు తయారుచేసే పద్ధతిలో నకిలీ వేళ్లు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేస్తూ పట్టుబడ్డాడు. తరవాత అదే కిటుకుతో బ్యాంకు ఖాతాల నుంచి డబ్బు తీయడం మొదలైంది. ఆధార్ చెల్లింపుల వ్యవస్థలో బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వేలిముద్ర చాలు, ఓటీపీ అక్కర్లేదు. పల్లెటూరి ముసలమ్మకు ఫోను లేకున్నా డబ్బు అందాలని పెట్టిన సౌకర్యమే దొంగకూ కలిసొచ్చింది. 2023లో ముద్ర బతికున్న వేలిదో కాదో పసిగట్టే పరీక్షను ఆధార్ సంస్థ చేర్చింది.

ఆధార్ చెల్లింపులు వాడని మనిషి బయోమెట్రిక్‌ను లాక్ చేసుకోవడం మంచిది. ఆధార్ వెబ్‌సైటులోనో ఆధార్ యాప్‌లోనో రెండు నిమిషాల పని. అవసరమైనప్పుడు తాత్కాలికంగా తెరిస్తే 10 నిమిషాలకు మళ్లీ దానంతటదే మూసుకుంటుంది. లాక్ చేసిన సంగతి ఇంట్లో చెప్పకపోతే రేషన్ షాపులో 330 కనిపిస్తుంది. ఖాతాలో డబ్బు పోతే మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి. తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాక బయటివాళ్లదైతే ఆ గడువులో చెప్పినవారికి నష్టభారం ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో నిబంధన పెట్టింది.

జిరాక్స్ ఇవ్వక తప్పనిచోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి, దాని మీద అడ్డంగా ఏ పనికి, ఏ తేదీన ఇచ్చారో రాయొచ్చు. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఆధార్ నకళ్లు ఎవరికిపడితే వారికి ఇవ్వొద్దని హెచ్చరిస్తే, జనం కంగారుపడ్డారని రెండు రోజుల్లో ఆ ప్రకటనను వెనక్కి తీసుకున్నారు. చెప్పిన మాటలో తప్పేమీ లేదు. తీసుకునేవాళ్ల వైపు నుంచి చూస్తే నిజమైన తనిఖీ క్యూఆర్ కోడ్‌లో ఉంది. పేరు, చిరునామా, ఫొటోతో పాటు డిజిటల్ సంతకం అందులో ఉంటుంది. కార్డు మీది అచ్చును ఫొటోషాప్‌లో మార్చొచ్చు గానీ ఆ సంతకాన్ని మార్చలేరు. స్కాన్ చేసే యాప్ ఉచితమే.

మూడో ప్రశ్న, అర్హత, దగ్గర జరిగిన తప్పు వీటన్నిటికంటే పెద్దది. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డులను పేర్లు, చిరునామాలతో జతచేసి, ఈ ఇంట్లో కారు ఉంది, ఈయనకు ఆస్తి ఉంది అని తేలుస్తుంది. రేషన్ కార్డుల ఏరివేతలో దాన్ని వాడారు. సైకిల్ రిక్షా తొక్కి బతికిన మనిషి ఇంటి కార్డు, దగ్గరి పేరున్న మరొకరి కారు ఆయన ఖాతాలో పడటంతో రద్దయిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. పైన చెప్పిన ఇంటిపేర్ల చిక్కు, స్పెల్లింగుల చిక్కు తెలిసినవారెవరికీ ఇందులో ఆశ్చర్యం కలగదు. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ తనిఖీ చేయాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కంప్యూటర్ తీసేసిన పేర్లను పట్టుకుని ఉద్యోగులు మళ్లీ ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది.